చక్రం దిగాల్సిన చోటు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఇంగ్లండు నుంచి ఒక ఫొటో పంపింది. ఆ పిల్ల అక్కడ ఒక దవాఖానలో నర్సు. సెలవు దొరికితే సైకిలెక్కి పల్లెల వెంట తిరుగుతుంది. ఫొటోలో ఒక సన్నటి తారు రోడ్డు. రెండు పక్కలా మనిషెత్తు పొదల దడి, దడి నిండా తెల్లటి పూలు. రోడ్డు మొదట్లో నడిమధ్యన ఒక కొయ్య గుంజ పాతి ఉంది. సైకిలు పడుతుంది, కారు పట్టదు. ఫొటో వెనకాలే గొంతు వచ్చింది.

“పెద్దమ్మా, పొద్దుగాల నుంచి తిరుగుతున్న, ఒక్క బండి ఎదురు రాలే. పిట్టల సప్పుడు, నా చైను సప్పుడు, గంతే. గిసువంటి రోడ్లు ఏడున్నయో చూపెట్టే మ్యాపులు గూడ అమ్ముతరిక్కడ. మన దిక్కు గిట్లాంటిది ఒక్కటన్న ఉండెనా ఎప్పుడన్న?”

ఆ చివరి మాట విని నేను నిర్ఘాంతపోయాను. మళ్లీ విన్నాను. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతోంది. ఎవరు అడుగుతున్నారు? మా చిన్నాయన కూతురి కూతురు. అలాంటి రోడ్డు మన అడవిలో ఒకటి ఉండడానికి కారణమైన మనిషికి సొంత మనవరాలు. ఆ పిల్లకు తల్లి చెప్పలేదు. తల్లికి తండ్రి చెప్పి ఉండడు. రాజులు ఎక్కడ దండయాత్ర చేశారో పిల్లలకు బడిలో బట్టీ పట్టిస్తాం. తాత ఎక్కడ సైకిలు దిగేవాడో చెప్పం. ఒక్క తరంలో ఇంత పెద్ద సంగతి ఇంత శుభ్రంగా తుడుచుకుపోతుందా?

ఫోనులో చెప్పే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను.

మాది ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు. ఊరి చివర నుంచి అడవిలోకి ఒక ఎర్రమట్టి రోడ్డు పోయేది. వెదురు నరికించిన కంట్రాక్టరు లారీల కోసం వేయించిన రోడ్డు. లారీ పట్టేంత వెడల్పు, గట్టిగా దిమ్మిస కొట్టిన నేల. కానీ దాని మీద లారీ తిరగడం నేనెన్నడూ చూడలేదు. రోడ్డు మొదట్లో అడ్డంగా ఒక మద్దిదుంగ పడి ఉండేది, నా మోకాలంత ఎత్తున. సైకిళ్లవాళ్లు సైకిలెత్తి అవతల పెట్టుకునేవాళ్లు. నడిచేవాళ్లు దాటేవాళ్లు. జీపు వచ్చిందంటే దుంగ ముందు ఆగి, తిట్టుకుని, తిరిగిపోవాల్సిందే. దుంగ ఎవరు వేశారో, ఎందుకు వేశారో మా పిల్లలకెవరికీ తెలియదు. రోడ్డంటే దుంగ ఉంటుందనుకునేవాళ్లం.

దుంగ దాటితే వేరే లోకం. టేకు ఆకులు చక్రం కింద పటపటలాడేవి. ఇప్పపూల కాలంలో గాలంతా తీపి మురిగిన వాసన. అక్కడక్కడ ఎవరో చెట్ల కింద తుక్కు కాల్చి నేల శుభ్రం చేసి ఉంచేవారు, రాలిన పువ్వు కనబడాలని. ఆ బూడిద వాసన, పచ్చి మోదుగాకు వాసన, మా చిన్నాయన సైకిలు మీది ఎండుచేపల వాసన కలిసి ఒక వాసన అయ్యేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుచేపలు వేయిస్తే నాకు మొదట అడవి గుర్తొస్తుంది, తర్వాతే అన్నం.

చిన్నాయన ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు సైకిలు మీద వేసుకుని వారం వారం అడవి లోపలి గిరిజన గూడెం సంతకు పోయి అమ్మేవాడు. వచ్చేటప్పుడు చింతపండు, కుంకుళ్లు, ఇప్పపువ్వు తెచ్చేవాడు. అంతకు ముందు ఆయన లారీ డ్రైవరు. ఎందుకు మానేశాడంటే కళ్లు మసకలు వచ్చాయని ఇంట్లో చెప్పాడు. కళ్లు మసకలైన మనిషి నాయనమ్మకు సూదిలో దారం ఎట్లా ఎక్కిస్తున్నాడని మాలో ఒక్కరమూ అడగలేదు. మాది ప్రతి మాటకూ రుజువడిగే ఇల్లు!

ఎండాకాలం సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. కాళ్లు తిమ్మిరెక్కేవి. ఆ తిమ్మిరి మరిచిపోవడానికి వెనక్కి చెయ్యి పోనిచ్చి సంచిలోంచి ఎండు రొయ్యలు లాగి నమిలేదాన్ని. ఆయనకు తెలుసు. “సంత దాకన్న కొన్ని మిగిలియ్యి బిడ్డా, అమ్ముకోవాలె,” అనేవాడు. గంట నాకే వదిలేసేవాడు. ఎదురొచ్చే మనిషి లేని రోడ్డు మీద గంట ఎందుకు? అందుకే కొట్టేదాన్ని. అడవి ఆ గంటను తీసుకుపోయి ఎక్కడో దాచుకుని మళ్లీ పంపించేది.

నేను సైకిలు నేర్చుకున్నది కూడా ఆ రోడ్డు మీదే. ఆడపిల్ల సైకిలు తొక్కితే ఊళ్లో పది నోళ్లు లేచేవి, అడవిలో లేచే నోరు లేదు. ఫ్రేము సందులోంచి కాలు అవతలికి దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కే కైంచీ తొక్కుడు. పడితే మోకాలు చెక్కుకుపోయేది. చిన్నాయన మోదుగాకు నలిపి అద్దేవాడు. “ఏడ్వకు. ఈడ ఎన్కకెల్లి ఏ బండీ రాదు. పడు, లెవ్వు, మల్ల పడు,” అనేవాడు.

సంతలో తునికిపండ్లు అమ్మే పిల్ల ఒకతె ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. నన్ను “ఓ చేపల పిల్లా” అని పిలిచేది. పండింది ఇస్తున్నానని నమ్మించి పచ్చికాయ నోట్లో పెట్టించి, నా మూతి వగరుకు ముడుచుకుపోతుంటే పడీపడీ నవ్వేది. చిన్నాయన మాత్రం సంత లేచే వేళకు ఆ పిల్ల బుట్టలో మిగిలినవన్నీ కొనేసేవాడు. కొనేటప్పుడు నేల చూపులు చూసేవాడు. మనిషి సిగ్గరి కదా అనుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఆ రోడ్డు మీద గూడెం ఇంకా కాస్త దూరం ఉందనగా ఒక వంపు. వంపుకు ముందు చిన్నాయన ప్రతిసారీ సైకిలు దిగేవాడు. నన్నూ దింపేవాడు. పక్కన చెట్టు నుంచి పచ్చికొమ్మ ఒకటి విరిచి రోడ్డు పక్కన ఒక చోట పెట్టేవాడు. వంపు తిరిగేదాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చి అప్పుడు మళ్లీ ఎక్కేవాడు. పెదాలు కదిలేవి కావు, చేతులు జోడించేవాడు కాదు. పని చేసినట్టు చేసేవాడు.

చూసిన వాళ్లు ఊరుకుంటారా? ఆయన వెనక సైకిలు మీద బెల్లం అమ్మేవాడొకడు వచ్చేవాడు. ఒకరోజు అడిగాడు.

“ఎందుకు దిగుతున్నవన్నా?”

“దిగాలె.”

“దిగకపోతే ఏమైతది?”

చిన్నాయన మాట్లాడలేదు. ఆ మౌనంలోంచి ఒక దేవత పుట్టింది. నా కళ్లతో చూశాను, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. తర్వాతి సంతకు బెల్లం మనిషి కూడా దిగి కొమ్మ వేశాడు. గాజులమ్మే ఆయన దిగకుండా పోయాడు, ఆయన సైకిలు చైను ఊడింది. అంతే, రుజువు దొరికింది! మా నాయన ఇది విని తల బాదుకున్నాడు. “వాని చైను వారం వారం ఊడుతదిరా. దానికి కావాల్సింది కొమ్మ గాదు, నూనె,” అన్నాడు. ఎవరు వింటారు? కొమ్మలు కుప్ప అయ్యాయి. కుప్ప మీద పసుపు పడింది. పసుపు మీద కుంకుమ పడింది. ఎర్రగుడ్డ వచ్చింది. కొమ్మలమ్మ అని పేరు వచ్చింది. చివరికి ఆ గాజులాయనే సంతలో గాజులు మానేసి, కుప్ప పక్కన ఒక రేకు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. వారానికోసారి ఆయన ఒంటి మీదికి తల్లి వచ్చేది.

“చిన్నాయనా, కొమ్మలమ్మకు కోపమొస్తే నిజంగనే రక్తం కక్కిస్తదా?” అని అడిగాను ఒకసారి కడ్డీ మీద కూర్చుని.

“ఆ పేరనకు!” అని అరిచాడు. నా మీద ఆయన అరవడం అదే మొదలు, అదే చివర.

మా ఇల్లు వాదాల ఇల్లు. నాయనమ్మ ఆదివారం ఆరాధన తప్పని మనిషి. మా నాయన బడిపంతులు. చిన్నప్పుడు చర్చిలో పాటలు పాడినవాడే, పెద్దయ్యాక చర్చీ గుడీ రెండూ విడిచిపెట్టి, ఎక్కడ మూఢనమ్మకం కనబడితే అక్కడ బల్ల వేసుకుని నిలబడేవాడు. చిన్నాయన నాయనమ్మతో చర్చికి పోయేవాడు, సంత రోజు కొమ్మ వేసేవాడు. రాత్రి అన్నాల దగ్గర ఎండు రొయ్యల చింతచిగురు వడ్డిస్తూ నాయనమ్మ మొదలుపెట్టేది.

“ఇద్దర్ని గన్న. ఒకడు దేవుడే లేడంటడు. ఇంకొకడు ఉన్న దేవుడు సాలక కట్టెలకు మొక్కుతుండు. ఎటు సూస్తే అటు మొట్టికాయలే నాకు.”

“నేనే నయం గదనే అమ్మా,” అనేవాడు నాయన. “నాది సున్నా. వీడే లెక్క పెంచుకుంటుండు.”

“నేను మొక్కుతలేనే.”

“మొక్కకపోతే దిగుడెందుకురా? దిగుడే మొక్కుడు!”

“అన్నా, కూర సల్లారుతుంది. తిను.”

ఇంతే ఆయన జవాబు. ఎంత రెచ్చగొట్టినా వాదనలోకి దిగేవాడు కాదు. నాయనకు ఒళ్లు మండిపోయేది. ఎదిరించే మనిషి మీద కోపం ఒక పూట ఉంటుంది. ఎదిరించని మనిషి మీద ఏళ్లు ఉంటుంది.

గాజులాయన ఒక జ్వరం పిల్లను దవాఖానకు తీసుకుపోనివ్వకుండా కుప్ప ముందు పడుకోబెట్టాడని తెలిసిన రోజు నాయన ఆగలేదు. ఆ పిల్లను తానే సైకిలు మీద వేసుకుని దవాఖానకు చేర్చి, పిల్ల బతికి బయటపడ్డాక, “వచ్చే సంత నాడు కొమ్మల కుప్ప తగలబెడుతున్నా, చూడాల్సినవాళ్లు రండి” అని ఊరంతా చెప్పాడు. మా నాయనమ్మ, మా నాయన జీవితంలో మొదటిసారి ఒక్క పార్టీ అయ్యారు. గ్యాసునూనె డబ్బా నాయనమ్మే తెచ్చిచ్చింది.

“తగలబెట్టి రా. ఈ ఒక్క పనికన్న నీకు పరలోకంల జాగ దొర్కుతదేమో.”

“లేని జాగ నాకెందుకే?”

“ఉన్నప్పుడు తెలుస్తది. జల్దీ పో.”

చిన్నాయన అప్పటికే సరుకు తేవడానికి మధిర పోయి ఉన్నాడు. ఆయనకు ఈ సంగతి చేరలేదు.

నాయన కిరాయి సైకిలు తీసుకున్నాడు. వెనక నేను, నా ఒళ్లో డబ్బా. వంపు దగ్గరికి చేరేసరికి జనం నిండి ఉన్నారు. సంతకు సరుకులు తెచ్చినవాళ్లు, మా ఊరి కుర్రాళ్లు, గూడెం మనుషులు. గూడెం వాళ్లు ఒక పక్కన విడిగా నిలబడ్డారు. వాళ్లలో తునికిపండ్ల పిల్ల కూడా ఉంది, బుట్ట నడుముకు ఆనించుకుని. నన్ను చూసి ఆ రోజు నవ్వలేదు.

నాయన నన్ను దింపి, గంట కొట్టుకుంటూ సైకిలు మీద కుప్ప ముందు నుంచి అటు పోయాడు, ఇటు వచ్చాడు. అందరూ చైను వంక చూశారు. ఊడలేదు.

“రక్తం కక్కుతవ్ పంతులూ!” అన్నాడు గాజులాయన.

“ఈడనే నిలబడ్డ. కక్కియ్యి.”

గాజులాయనకు తల్లి వచ్చేసింది. జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టాడు. నాయన జనానికి వినబడేలా, బడిలో అడిగినట్టే ఆ తల్లిని అడిగాడు.

“ఏ తల్లివి నువ్వు? నీ పేరేంది? నీదే ఊరు? నీ పెనిమిటి ఎవరు? నీకు పిల్లలెంతమంది?”

మా ఊరి కుర్రాళ్లు ఈలలు వేశారు. సంతవాళ్లు భయపడుతూనే నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు గూడెం వాళ్ల వైపు చూపు పోయింది. ఒక్కరూ నవ్వడం లేదు. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఆ ప్రశ్నలు తమను అడిగినట్టు నిలబడ్డారు.

నాయన డబ్బా మూత తీశాడు. అప్పుడే వెనక నుంచి జనం తప్పుకున్నారు. సరుకు సైకిలుతో చిన్నాయన. ఎప్పటిలాగే దిగాడు. కొమ్మ విరిచాడు. అంతమంది మధ్యలోంచి నడిచివచ్చి కుప్ప మీద పెట్టాడు. పెట్టి అక్కడే నిలబడ్డాడు.

“పక్కకు జరుగురా,” అన్నాడు నాయన.

“ఆమె పేరడిగినవ్ గదన్నా. నాకు తెల్సు.”

చెప్పాడు. ఒక ఆడమనిషి పేరు. నేను విన్నాను. ఇక్కడ రాయను, అది రాసే హక్కు నాది కాదు.

“ఊరు గీ గూడెమే. తెల్లారి ఇప్పపువ్వు ఏరుకొని, గంప నెత్తిన పెట్టుకొని బాట దాటుతుంది. వంపు తిరిగిన. బిరేకు తొక్కిన. వెదురు లోడు ఆగలే. ఇది ఆమె పడ్డ జాగ అన్నా. నా లారీ కింద.”

నాయన చేతిలో డబ్బా వంగి నూనె ఆయన చెప్పుల మీద కారుతోంది. ఆయనకు తెలియడం లేదు. ఊగుతున్న గాజులాయన ఊగడం మానేశాడు. నన్ను కడ్డీ మీద కూర్చోబెట్టుకున్న చేతులు, మోకాలికి ఆకు అద్దిన చేతులు, ఆ చేతులేనా? పిల్లలకు పెద్దవాళ్లు ఎప్పుడూ పెద్దవాళ్లుగానే పుట్టినట్టుంటారు. వాళ్లకు ఒక తెల్లవారుజామున ఇలాంటిది జరిగి ఉంటుందని ఎవరు అనుకుంటారు?

గూడెం పెద్ద ముందుకు వచ్చాడు. ముసలాయన. నాయనతో నెమ్మదిగా చెప్పాడు.

“క్లీనరు ఉరికిండు పంతులూ. ఈయన ఉరకలే. బాట మీదనే కూసున్నడు. మేం కొట్టినం గూడ. కొట్టి కొట్టి ఆపినం. అందరం కూసొని తప్పు ఏసినం, శిక్ష అన్నట్టు. లారీలు ఇంక మా బాటల రావొద్దని దుంగ ఏసినం. వెదురు అయిపోయింది గాబట్టి కంట్రాక్టరు సరే అన్నడు. ఈయనకేమో, చక్రం మీద ఈ బాటల వచ్చినప్పుడల్లా ఈడ దిగాలె, పచ్చికొమ్మ ఎయ్యాలె, వంపు దాటేదాక నడవాలె. అదీ తప్పు.”

“ఎన్నేండ్లు?” అన్నాడు నాయన.

“ఆమె బిడ్డ పెద్దగై, సాలు అన్నదాక.”

అందరూ చూసిన వైపు నేనూ చూశాను. తునికిపండ్ల పిల్ల బుట్ట కింద పెట్టింది. నేరుగా కుప్ప దగ్గరికి వచ్చింది. నాకు ఆ పిల్ల ఏడుస్తుందనిపించింది. ఏడవలేదు. సంతవాళ్ల వైపు తిరిగింది.

“మీరెవర్ని సంపిండ్రు?”

బెల్లం మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఎవర్నీ సంపలే గదా. మరి కొమ్మలెందుకు ఏస్తుండ్రు? తప్పు ఆయనది. ఆయనొక్కడే ఎయ్యాలె. మీరందరు ఏస్తే అండ్ల ఆయన ఏసింది ఏదో నాకెట్ల తెలుస్తది?”

ఎన్నో సభల్లో ఎన్నో వాదాలు విన్నాను. ఇంత సూటి మాట నేను మళ్లీ వినలేదు. మేమంతా దేవత ఉందా లేదా అని కొట్టుకుంటున్నాం. ఆ పిల్లకు కావాల్సింది ఒక్కటే: ఈ మనిషి తన తల్లిని ఈ వారం కూడా తలుచుకున్నాడా లేదా? ఆ లెక్క చూసుకునే వీలు లేకుండా దాని మీద ఒక దేవతను కూర్చోబెట్టారు.

తర్వాత నాయన వైపు తిరిగింది. “నువ్వెందుకు కాలవెడ్తవ్? మా అమ్మ నిన్నేం జేసింది?”

“నేను మూఢనమ్మకాన్ని కాలవెడదామని వచ్చిన తల్లీ.”

“అది గాజులాయన నోట్ల ఉంది. కొమ్మలల్ల లేదు.”

ఎర్రగుడ్డ లాగేసింది. పసుపు కుంకుమల కొమ్మలు పక్కకు ఈడ్చేసింది. కింద నుంచి పైదాకా ఏరి, చివరికి చిన్నాయన అప్పుడే పెట్టిన పచ్చికొమ్మ ఒక్కటి అక్కడ మిగిల్చింది. గాజులాయన డబ్బా చంకన పెట్టుకుని సైకిలెక్కుతుంటే మా ఊరి కుర్రాడొకడు, “ఓ పెద్దమనిషీ, తల్లి దిగిందా, ఇంకా పైననే ఉందా?” అన్నాడు. “దిగిందయ్యా, దిగింది,” అంటూనే తొక్కాడు. కొంచెం దూరం పోగానే చైను ఊడింది. అప్పుడు మాత్రం గూడెం వాళ్లూ నవ్వారు.

నాయన, చిన్నాయన సైకిళ్లు నడిపించుకుంటూ తిరిగివచ్చారు. ఇద్దరూ ఎక్కలేదు. వాళ్ల మధ్య నేను నడిచాను. దుంగ కనబడే చోటికి వచ్చాక నాయన అడిగాడు.

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేరా?”

“చెప్తే వాదన పెడతవన్నా. తప్పు బిరేకుదా, లోడుదా, నిద్ర లేకుండ తోలించిన కంట్రాక్టరుదా అని. గెలిపిస్తవ్ నన్ను. నాకు గెలుసుడొద్దు.”

నాయన ఆగిపోయాడు. కంట్రాక్టరును వదిలిపెట్టడం నాయనకు ఎన్నటికీ ఒప్పుదల కాలేదు, నాకూ కాదు. ఆ మనిషిని ఏ పంచాయితీ ముందూ ఎవరూ కూర్చోబెట్టలేదు. కానీ ఆ రోజు తమ్ముడి ముఖం చూశాక నాయన వాదించలేదు.

ఇంట్లో నాయనమ్మ అంతా విన్నది. పొయ్యి ముందు కూలబడింది. విగ్రహారాధకుడని కొడుకును ఎన్నేళ్లు ఎన్ని మాటలన్నదో అన్నీ ఆమె ముఖం మీదికి వచ్చాయి. లేచి చిన్నాయనకు అన్నం పెట్టింది. పక్కనే కూర్చుని చివరికి ఒక్కమాట అడిగింది.

“పచ్చికొమ్మనే ఏస్తున్నవా బిడ్డా? ఎండుది ఎయ్యకు.”

ఇప్పుడు ఆ రోడ్డు తారు రోడ్డు. దుంగను ఎన్నడో రంపంతో కోసుకుపోయారు. ఇసుక లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడుస్తాయి. వంపు దాటాక సిమెంటు గుడి ఒకటి లేచింది, కొమ్మలమ్మ తల్లి స్వయంభువు అని నల్లరాతి పలక. పోయినేడాది దాని ముందు నిలబడి నేను నోరు తెరిచేశాను. అమ్మవారికి ఎనిమిది చేతులు, కింద సింహం. లారీ డ్రైవర్లు దిగకుండానే కిటికీలోంచి టెంకాయ కొట్టించి, ప్రమాదాలు జరగకుండా చూడమని లారీకి నిమ్మకాయలు కట్టించుకుంటున్నారు. లారీ కింద పోయిన మనిషి చేత లారీలకు కాపలా కాయిస్తున్నారు! పైగా గుడి అసలు చోట లేదు. అసలు చోటు అక్కడికి ఇవతల, వంపు లోపల. ఇది చెబితే పూజారి కుర్రాడు నన్ను జాలిగా చూశాడు.

ఆ అసలు చోటు సంగతి చెప్పి ముగిస్తాను.

కుప్ప తీసేసిన తర్వాత కూడా చిన్నాయన వారం వారం దిగి కొమ్మ వేశాడు. ఆయన ఒక్కడే. ఆ పిల్ల చూసిపోయేది. చాలు అనలేదు. మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక సంత రోజు వంపుకు చాలా ముందే రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. చిన్నాయన ఆగాడు. నేను కడ్డీ మీద నుంచి దూకాను.

“సైకిల్ నేర్పు నాకు,” అన్నది.

చిన్నాయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

“చేపల పిల్లకు నేర్పినవ్ గదా. నాకెందుకు నేర్పవ్?”

సరుకు సంచి దింపి నా పక్కన పెట్టాడు. ఆ పిల్ల చీరకుచ్చిళ్లు దోపుకుని సీటెక్కింది. కైంచీ కాదు, నేరుగా సీటే. కాళ్లు అందుతున్నాయి. చిన్నాయన రెండు చేతులతో సీటు వెనక పట్టుకుని ఉరకడం మొదలుపెట్టాడు. సైకిలు పాములా పోయింది. నేను వాళ్ల వెనక పరుగెత్తాను. వంపు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు నెమ్మదించాయి. ఒక చెయ్యి సీటు వదిలి పక్కనున్న కొమ్మ కోసం పైకి లేచింది.

“ఏందాగినవ్? పడ్త, పట్టుకో!” అని అరిచింది ముందు నుంచి.

“కొమ్మ ఏసి వస్త బిడ్డా.”

“చక్రం మీద వచ్చినోళ్లకు గదా తప్పు. నువ్వు చక్రం మీదున్నవా? కాళ్ల మీదున్నవ్. ఉరుకు!”

“మరి నువ్వు?”

“నేనెందుకు దిగుత? మా అమ్మ నాది.”

ఆయన ఉరికాడు. రెండు చేతులూ సీటు మీదే ఉన్నాయి. ఆ చోటు పక్కన వచ్చింది, వెనకపడింది. నేను రోడ్డు మధ్య నిలబడిపోయాను. ఒక మనిషికి వేసిన శిక్షను మాట మార్చకుండా, క్షమించానని అనకుండా, అందులోని అక్షరం చెడకుండా ఆ పిల్ల విప్పేసింది.

ఆ తర్వాత ప్రతి సంత రోజూ వంపుకు ముందు ఆమె కాచుకుని ఉండేది. ఆయన దిగి సైకిలిచ్చేవాడు. ఆమె తొక్కుకుంటూ వంపు దాటించి అవతల ఆగేది. ఆయన కొమ్మ విరవకుండా నడిచి వెళ్లి తీసుకునేవాడు. ఆమె చాలు అని ఎన్నడూ అనలేదు. ఆయన అడగలేదు. ఆ ఏటి వానలకు పాత కొమ్మల్ని చెదలు తినేశాయి, ఆ చోట గడ్డి మొలిచింది.